వెనక సీటు సంగతి: మోటార్ సైకిల్ కంపెనీల ఇంజినీర్లకు ఒక మెకానిక్ బహిరంగ లేఖ

మన దేశంలో మోటార్ సైకిళ్లు తయారుచేసే కంపెనీల డిజైన్, క్వాలిటీ విభాగాల ఇంజినీర్లకు,

అయ్యలారా, అమ్మలారా,

ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద నాకొక చిన్న షాపు ఉంది. పందొమ్మిదేళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాను. మొదట్లో ఇంజను పని, వైరింగు, అన్నీ చేసేవాణ్ణి. పదేళ్లుగా ఎక్కువ ఫోర్కుల, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే షాకబ్జరు గొట్టాల పని, వెనక షాకబ్జర్ల పనే. ఈ పనిని నేను ఎంచుకోలేదు, మా రోడ్లే నా చేతికిచ్చాయి. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ రాళ్లు మోసే లారీలు ఈ రోడ్డు మీదే తిరుగుతాయి. ఆ బరువుకి తారు అలలుగా లేచిపోతుంది. ఇంకోవైపు కొత్తపట్నం నుంచి తెల్లవారకముందే చేపల పెట్టెలు కట్టుకుని బళ్లొస్తాయి. ఉప్పుగాలికి వాటి ఫోర్క్ పైపులు తుప్పు పట్టి పొక్కులు లేచి ఉంటాయి. ఆ పొక్కులు, లోపలి ఆయిలు కారకుండా ఆపే ఆయిల్ సీళ్లని కోసేస్తాయి. అట్లా నా షాపు ముందు ఎప్పుడూ ముందు చక్రం లేని బండి ఒకటి నిలబడే ఉంటుంది.

అయితే నేను రాస్తున్నది అరిగిపోయిన షాకబ్జర్ల గురించి కాదు. కొత్త బండితో పాటు మీరు బిగించి పంపే వాటి గురించి.

2022 ఆగస్టులో మా బావ కొత్త బండి కొన్నాడు. 125 సీసీ, పేరున్న కంపెనీదే. కార్తీక మాసంలో మా అక్కని ఎక్కించుకుని పొదిలిలో చుట్టాలింటికి బయల్దేరాడు. అక్క చీర కట్టుకుని ఒకవైపుకి కూర్చుంది. ఒళ్లో సంచి. దారిలో ఒక ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్, పైన గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. మా బావ నెమ్మదస్తుడు, వెనక మనిషి ఉంటే ముప్పై దాటడు. చూసి బ్రేకు కూడా వేశాడట. ముందు చక్రం ఎక్కి దిగింది. వెనక చక్రం దిగాక సీటు పైకి తన్నింది. కిందికి వచ్చి మళ్లీ తన్నింది. ఆ రెండోసారికి అక్క రోడ్డు మీద ఉంది. ఎడమ మణికట్టు విరిగింది.

ప్లాస్టరు వేయించి ఇంటికి తీసుకొచ్చాక ఆ బండిని నా షాపుకి తెచ్చాను. మెకానిక్ తమ్ముడు ఉండి కూడా బండి చూడలేదని నా మనసులో గుచ్చుకుంటోంది. రెండు షాకబ్జర్లూ విప్పాను. ఆయిల్ కారలేదు. బుష్షులు బిగువుగా ఉన్నాయి. రాడ్డు వంగలేదు. స్ప్రింగులు తీసి, డ్యాంపర్ రాడ్డుని చేత్తో లోపలికి నొక్కి, బయటికి లాగాను. నొక్కేటప్పుడు ఎంత తేలిగ్గా వెళ్లిందో, లాగేటప్పుడూ దాదాపు అంతే తేలిగ్గా వచ్చింది. సైకిల్ పంపు వాషరు అరిగిపోతే హ్యాండిల్ ఎట్లా వస్తుందో అట్లా. అనుమానం తీరక షోరూముకి వెళ్లి, అదే మోడల్ కొత్త బండి సీటుని రెండు చేతులతో గట్టిగా నొక్కి వదిలాను. అదీ ఊగి ఊగి ఆగింది. సర్వీసు సెంటర్లో అడిగితే కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: “అన్నీ అంతే అన్నా, కంపెనీ సెట్టింగే అది.”

షాకబ్జరు పాడైతే అది నా పని. పాడవకుండానే అట్లా ఉంటే అది మీ పని. అందుకే మీకు రాస్తున్నాను.

ఈ ఉత్తరం బండి కొనేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి, మీకు కొట్టిన పిండే అయినా వాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పనివ్వండి. షాకబ్జర్ అనగానే జనం స్ప్రింగుని చూస్తారు. స్ప్రింగు దెబ్బని మింగదు, అప్పుగా తీసుకుంటుంది. తీసుకున్నదంతా వెంటనే తిరిగిచ్చేస్తుంది. ఆ తిరిగివ్వడాన్ని నెమ్మది చేసేది లోపల ఉన్న ఆయిలు, ఆ ఆయిలు దూరే రంధ్రాలు. దాన్నే డ్యాంపింగ్ అంటారు. అది చాలకపోతే దిగిన స్ప్రింగు సీటుని పైకి విసురుతుంది. మరీ ఎక్కువైతే ఒక గుంటలో దిగిన చక్రం తిరిగి కిందికి చాచుకునేలోపే రెండో గుంట వస్తుంది, మూడోది వస్తుంది, బండి అట్లా కూరుకుపోయి చివరికి చెక్కబండిలా కొడుతుంది. ఈ రెంటి మధ్య సరైన చోటు పట్టుకోవడమే సస్పెన్షన్ పనిలో ఉన్న విద్యంతా.

మన కమ్యూటర్ బళ్లలో, అంటే జనం రోజూ తిరిగే చిన్న బళ్లలో, ముందు ఫోర్కులు ఇప్పటికీ డ్యాంపింగ్ రాడ్డువే. ఒక రాడ్డు, దానికి కొలిచి వేసిన చిన్న రంధ్రాలు, వాటిలోంచి ఆయిలు దూరడం. హోలీ పిచికారీ తీసుకుని చూడండి. మెల్లగా నొక్కితే నీళ్లు హాయిగా పోతాయి. ఒక్క గుద్దు గుద్దితే చేతికి రాయిలా తగులుతుంది. రంధ్రం మారదు, వేగం రెట్టింపైతే అడ్డుకునే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకని బ్రేకు వేసినప్పుడు ఫోర్కు నెమ్మదిగా కిందికి వెళ్లేచోట ఆపేది ఏమీ ఉండదు, ముందు భాగం ముక్కు మీద పడ్డట్టు దిగిపోతుంది. అదే ఫోర్కు అంచున్న గుంటలో పడితే ఆయిలు దారి దొరక్క బిగుసుకుంటుంది, దెబ్బ నేరుగా మణికట్టుకి, భుజానికి ఎక్కుతుంది. మెత్తగా ఉండాల్సిన చోట గట్టి, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తన. కస్టమర్లు నా దగ్గరికొచ్చి “బండి మెత్తగానూ ఉంది, కొడుతోంది కూడా, ఎట్లా అన్నా?” అని అడుగుతారు. వాళ్లు సరిగ్గానే చెబుతున్నారు.

దీనికి మందు మీకు తెలియంది కాదు. పిస్టను మీద సన్నటి ఉక్కు వాషర్లు దొంతరగా పెడితే, గట్టి దెబ్బకి అవి వంగి ఆయిలుకి దారి వదులుతాయి, మెల్లని కదలికకి మూసుకుని ఉంటాయి. కార్ట్రిడ్జ్ ఫోర్కుల్లో చేసేది అదే. అంత ఖర్చు వద్దనుకుంటే ఉన్న రాడ్డు మీదే కూర్చునే చిన్న వాల్వు ఉంది, ఎమ్యులేటర్ అంటారు. లోపల స్ప్రింగుతో పట్టి ఉంచిన ఒక పళ్లెం, అంతే. డబ్బున్న కుర్రాళ్లు బయట కొనుక్కుని నా దగ్గర వేయించుకుంటారు. ఒకతను వేయించుకుని పొదిలి దాకా వెళ్లొచ్చి, అది తన బండేనా అని రెండుసార్లు అడిగాడు.

ఇంజను ఇంకా కొంచెం లాగాలనో, శబ్దం బాగుండాలనో అడిగే వాళ్లకి మీరు జవాబు చెప్పనక్కర్లేదు. కానీ ఇది సోకు కాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి బండికీ ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. మంచి పని. మరి ఏబీఎస్ పనిచేయాలంటే టైరు రోడ్డు మీద ఉండాలి కదా. అలలు లేచిన తారు మీద బ్రేకు పట్టి చూడండి. డ్యాంపింగ్ చాలని చక్రం గెంతుతూ వెళుతుంది. గాల్లో లేచిన చక్రానికి పట్టు ఉండదు, అది ఆగిపోబోతుంది, ఏబీఎస్ దాన్ని జారడం అనుకుని బ్రేకు వదిలేస్తుంది. బండి ఆగాల్సిన చోట ఆగదు. బ్రేకుకి చట్టం ఉన్నప్పుడు, ఆ బ్రేకు ఆధారపడిన దానికి కనీసం మీ మనస్సాక్షి ఉండాలి.

వెనక షాకబ్జర్ల దగ్గర నాకు ఇంకా ఎక్కువ బాధ. నా దగ్గరికొచ్చే కమ్యూటర్ బళ్ల మాన్యువళ్లలో మోయగల బరువు 130 కిలోల దగ్గర రాసి ఉంటుంది. మొగుడూ పెళ్లాం ఎక్కితేనే ఆ లెక్క నిండుతుంది. మధ్యలో పిల్ల, ట్యాంకు మీద ఇంకో పిల్ల, పక్కన బియ్యం సంచి. పాలవాళ్లయితే నలభై లీటర్ల క్యాను ఒకటి ఇటు, ఒకటి అటు. పాల బరువే ఎనభై కిలోలు దాటుతుంది, క్యానుల బరువు, మనిషి బరువు వేరే. అది తప్పంటారా, తప్పే. కానీ ఇద్దరు మనుషుల లెక్కకి కూడా ఆ స్ప్రింగులు సరిపోవడం లేదు. వెనక కూర్చున్న మనిషి బరువంతా దాదాపు వెనక చక్రం మీదే పడుతుంది.

నేను ఒక పని చేస్తాను, మీ టెస్ట్ ట్రాకుల్లో మీరూ చేస్తారు. బండిని స్టాండు మీద పెట్టి చక్రం వేలాడుతుండగా ఇరుసు నుంచి సీటు కింది దాకా కొలుస్తాను. తర్వాత మనుషుల్ని ఎక్కించి కొలుస్తాను. ఎంత దిగిందో అది సాగ్. మొత్తం కదలికలో మూడో వంతు దిగితే బాగున్నట్టు. మా బావ బండి మీద మా బావా, మా మేనల్లుడూ కూర్చుంటే సగానికి పైగా నిలబడి ఉండగానే అయిపోయింది. ఇంక గుంట వస్తే దిగడానికి మిగిలింది ఎంత? అందుకే రబ్బరు స్టాపరు దాకా వెళ్లి ‘డబ్’ మని కొడుతుంది. ఆ శబ్దం నేను షాపులో కూర్చునే గుర్తుపడతాను.

స్ప్రింగుని ముందే కొంత నొక్కిపెట్టడానికి షాకబ్జరు మీద ఐదు గాట్ల అడ్జస్టరు ఇచ్చామంటారు మీరు. ఇచ్చారు. కానీ ఆ గాటు తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. సీటు కాస్త పైకి లేస్తుంది, అంతే. కూర్చున్నాక దిగిపోయే ఎత్తు కొంత వెనక్కి వస్తుంది, అది మేలే. ఆయిలు చేసే పని మాత్రం ఒకటో గాటుకీ ఐదో గాటుకీ ఒకటే. ఇంకా ఎక్కువ నొక్కిపెట్టిన స్ప్రింగు మొదటి గాటుకి సరిపెట్టిన ఆయిలుతో తన్నుకుంటుంది. ఒక్క రీబౌండ్ స్క్రూ ఉంటే, అంటే స్ప్రింగు తిరిగి తన్నడాన్ని నెమ్మది చేసేలా తిప్పుకునే చిన్న స్క్రూ కిందివైపు ఉంటే, మా అక్క చెయ్యి విరిగేది కాదని నేను నమ్ముతున్నాను. పోనీ ఆ గాట్లు తిప్పే సీ స్పానరైనా ఇస్తున్నారా? ఈమధ్య నా దగ్గరికొచ్చిన కొత్త బళ్ల టూల్ కిట్లలో చాలావాటికి అది లేదు. మా బావ బండి మూడు నెలలూ రెండో గాటులోనే ఉంది. దాన్ని తిప్పాలని షోరూములో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా తిప్పే పనిముట్టు లేదు.

రోడ్లు బాగుంటే ఈ గొడవే లేదు కదా అని మీరు అనవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా సాఫీగా వెళ్లగలగాలి. మా పక్క ఊళ్లలో ఉన్నవి రెండడుగుల వెడల్పు కాంక్రీటు గట్లు. పొలం గట్టు తెచ్చి రోడ్డు మీద వేసినట్టుంటాయి. వాటి గురించి పంచాయతీకి, ఆర్ అండ్ బీ వాళ్లకి రాయాల్సింది వేరే ఉంది, రాస్తాను. కానీ మీరు బండి అమ్ముతున్నది ఈ రోడ్ల మీద తిరిగేవాళ్లకే. ఈ గట్లు నిన్న పుట్టినవి కావు.

చేతకాక చేయడం లేదని నేను అనుకోను. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కి ముందు 200 మిల్లీమీటర్లు, వెనక 180 మిల్లీమీటర్ల కదలిక ఇచ్చారు. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. ముందు 190, వెనక 170. కార్బ్యురేటర్ రకం ధర అప్పుడు షోరూములో లక్ష లోపే మొదలైంది. పుణె పక్కన చాకన్‌లో తయారయ్యే కేటీఎం బళ్లకి డబ్ల్యూపీ అనే కంపెనీ ఫోర్కులు వస్తున్నాయి. అంత దూరం ఎందుకు, బజాజ్ ప్లాటినా చూడండి, చిన్న బండే, ముందు 135, వెనక 110 మిల్లీమీటర్లు ఇచ్చారు, నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకి నేను ఆ బండే చెబుతాను. గాబ్రియేల్, ఎండ్యూరెన్స్, ముంజాల్ షోవా లాంటి సస్పెన్షన్ తయారీదారులు మన దేశంలోనే ఉన్నారు. మీరు ఆర్డరులో ఏం రాస్తే వాళ్లు అది చేసిస్తారు.

ఖర్చు మాట నేను తోసిపుచ్చను. నా కస్టమర్లకి వెయ్యి రూపాయల తేడా కూడా పెద్దదే. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చినప్పుడు చాలా బళ్లలో కార్బ్యురేటర్లు పోయి చిన్న వాటికి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ధరలు పెరిగాయి, జనం కొన్నారు. నేను కూడా స్కానరు కొనుక్కుని కొత్తగా నేర్చుకున్నాను. తర్వాత ఎల్ఈడీ లైట్లు వచ్చాయి, ఫోను కాల్ చూపించే మీటర్లు వచ్చాయి. అదే కాలంలో ఆ బళ్ల ఫోర్కు విప్పితే లోపల నాకు కనిపించింది పదేళ్ల కిందటి రాడ్డు, అవే రంధ్రాలు. పైగా ఒక మంచి వస్తువు పోయింది. పాత బళ్ల ఫోర్కులకి మడతలు మడతలుగా రబ్బరు బూట్లు ఉండేవి. దుమ్ము, ఉప్పుగాలి, రాళ్ల నుంచి పైపుని కాపాడేవి. బండి అందంగా కనిపించాలని చాలా మోడళ్లకి వాటిని తీసేశారు. కొత్తపట్నం చేపల బళ్లకి నేనే పాత బళ్ల బూట్లు వెతికి తొడుగుతున్నాను. అవి తొడిగిన బళ్లు ఆయిల్ సీళ్ల కోసం మళ్లీ నా దగ్గరికి రావడం బాగా తగ్గింది. నా సంపాదన తగ్గినా నాకు సంతోషమే. మీరు ఫ్యాక్టరీలో వేస్తే దానికి ఎంతవుతుంది?

ఫోర్కు ఆయిలు సంగతి ఇంకొకటి. ఇంజను ఆయిలు మార్చమని సర్వీసు సెంటర్ నుంచి మెసేజ్ వస్తుంది. ఫోర్కు ఆయిలు మార్చమని వచ్చిన మెసేజ్ నాకు ఒక్క కస్టమరూ చూపించలేదు. నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి ఫోర్కు విప్పి ఒంపితే వచ్చేది సీసం రంగు నీళ్లు. వానలో తిరిగిందైతే పలచని మజ్జిగలా తెల్లగా వస్తుంది. ఒక కొత్త బండిలో ఫోర్కు కుడి గొట్టంలో ఉన్నంత ఆయిలు ఎడమ గొట్టంలో లేదు. బండి గుంటలో పడ్డప్పుడల్లా హ్యాండిల్ ఎందుకు తిరగబోతోందో తెలియక ఆ అబ్బాయి హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ రెండుసార్లు మార్పించుకున్నాడు. క్వాలిటీ విభాగం వాళ్లని ఉత్తరంలో ప్రత్యేకంగా పిలిచింది ఇందుకే.

వెనక షాకబ్జరు సీలు పోతే సీలు దొరకదు. సెట్టు మొత్తం కొనమంటారు. బయటి షాపుల్లో కొందరు గొట్టం కోసి, ఆయిలు నింపి, వెల్డింగు పెట్టి అమ్ముతారు. నేను ఆ పని చేయను. అది ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం, ఊడినప్పుడు బండి మీద ఎవరుంటారో చెప్పలేం. కానీ వాళ్ల దగ్గరికి జనం వెళ్లడానికి కారణం మీరే. విప్పి బాగుచేయగలిగే షాకబ్జరు ఇవ్వండి, సీలు, బుష్షు విడిగా అమ్మండి, అప్పుడు ఆ కోతలు ఆగుతాయి.

నేను అడిగేది పెద్ద బళ్ల సామాను కాదు. వెనక ఒక్క రీబౌండ్ స్క్రూ. ముందు ఫోర్కులో ఆ చిన్న వాల్వు. ఒంటరిగా తిరిగేవాళ్లకి ఒక స్ప్రింగు, ఎప్పుడూ ఇద్దరుగా తిరిగేవాళ్లకి ఇంకో స్ప్రింగు, కొనేటప్పుడే షోరూములో ఎంచుకునేలా. రబ్బరు బూట్లు. సీ స్పానరు, దాంతో పాటు ఎంత బరువుకి ఏ గాటో తెలుగులో రాసిన ఒక స్టిక్కరు. బ్రోచరులో సస్పెన్షన్ దగ్గర ‘టెలిస్కోపిక్, హైడ్రాలిక్’ అని రెండు మాటలతో సరిపెట్టకుండా, ఇద్దరు మనుషులు కూర్చుంటే ఎంత దిగుతుందో, ఇంకా ఎంత మిగులుతుందో రాయండి. మైలేజీ అంకె రాసినంత పెద్ద అక్షరాల్లో రాయండి. కొనేవాళ్లు అడగడం లేదంటారు. అంకె కనిపిస్తే అడుగుతారు. మైలేజీని అడగడం వాళ్లు అట్లానే నేర్చుకున్నారు.

ఇంకొక్క మాట. బండి టెస్టు చేసేటప్పుడు వెనక సీట్లో ఎవరిని కూర్చోబెడుతున్నారో నాకు తెలియదు. ఇసుక మూటలు కడితే బరువు సరిపోవచ్చు. మూట సీటుకి కట్టి ఉంటుంది, ఎగరదు. ఒకవైపుకి కూర్చుని, ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో సీటు వెనక కడ్డీని పట్టుకున్న ఆడమనిషికి మాత్రం కాళ్లు ఆనించడానికి ఒక చిన్న రేకే ఉంటుంది. మన దేశంలో వెనక సీటు ఎక్కువగా ఆమెదే. రైడరు గుంటని చూసి సిద్ధపడతాడు, కాళ్ల మీద లేస్తాడు. ఆమెకి ముందున్నది కనిపించదు. మా అక్క చెయ్యి అతుక్కుంది, బాగానే ఉంది. కానీ అప్పటి నుంచి బావ బండి ఎక్కదు. పొదిలికి బస్సులో వెళుతుంది.

మీలో ఎవరైనా ఒంగోలు వస్తే నా షాపు కర్నూలు రోడ్డు మీదే. ఆదివారం తప్ప రోజూ ఉదయం 9 గంటలకి తీస్తాను. మీ కంపెనీ కొత్త బండి ఒకటి తీసుకురండి. నేను నడుపుతాను, చీమకుర్తి మీదుగా పొదిలి దాకా వెళ్లొద్దాం. ముప్పై దాటను. మీరు వెనక కూర్చోండి, ఒకవైపుకి.

ఇట్లు,
ఒక మెకానిక్,
కర్నూలు రోడ్డు, ఒంగోలు